దిష్టి లాగే పట్టీలు

ఇబ్రహీంపట్నంలో పసిపిల్ల కాలి పట్టీలు నల్లబడితే చాలు, అమ్మమ్మగారు తీర్పు చెప్పేస్తారు: దిష్టి! కాస్త చదువుకున్న ఇళ్లల్లో అయితే "ఒంట్లో వేడంతా వెండి లాగేసింది" అంటారు. ఇక వెండి ఉంగరం అంటగట్టిన జ్యోతిష్కుడి సంగతి చెప్పనక్కర్లేదు. నల్లబడితే మీ కీడంతా పీల్చుకుందంటాడు. నల్లబడకపోతే కీడుని అసలు దగ్గరికే రానివ్వలేదంటాడు. ఎలా రాసినా పాసయ్యే పరీక్ష ఇదొక్కటే.

వెండి లాగేది గంధకాన్ని. గాలిలో రవ్వంత హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా దానితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. ఆ నలుపే మన దిష్టి. ఊళ్లోనే నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఉంది కదా, నేరం దానిమీద తోసేద్దామంటే అదీ న్యాయం కాదు (దానిమీద పెట్టడానికి వేరే కేసులున్నాయి, బూడిదతో మొదలుపెట్టి). బొగ్గు పొగలో ఉండేది ప్రధానంగా సల్ఫర్ డయాక్సైడ్. వెండికి అసలు శత్రువు మురుగుకాలవలోనూ ఉడికిన కోడిగుడ్డులోనూ కాపురముంటుంది. ఎదురింటావిడ చూపు కన్నా ఇంటిముందు కాలవ కంపే ఎక్కువ పనిచేసిందన్నమాట.

పోనీ, వేడి? వేడిని మొయ్యడంలో లోహాలన్నిట్లో వెండిదే మొదటి స్థానం, కరెంటుని మొయ్యడంలోనూ అంతే. ముట్టుకోగానే చల్లగా తగిలేది అందుకే. కాసేపటికి పట్టీ కూడా ఒంటి వేడికి వచ్చేస్తుంది, ఇక లాగేదేమీ ఉండదు. చలవ మీద అంత నమ్మకముంటే పొగలు కక్కే కాఫీ వెండి గ్లాసులో పోయించుకుని పట్టుకోండి.

వెండి అయాన్లు క్రిముల్ని చంపుతాయన్నది నిజమే. కాలిన గాయాలకు సిల్వర్ సల్ఫాడయజిన్ పూసేది అందుకే. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని "వెండి నీళ్లు" సీసాల్లో పోసి అమ్ముతున్నారు. రోగాలకి అవి సురక్షితమూ కావు, పనిచేస్తాయన్న రుజువూ లేదని అమెరికా ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. ఏళ్ల తరబడి తాగితే ఒళ్లు నీలిబూడిద రంగుకి తిరుగుతుంది, ఇక పోదు. దీన్ని ఆర్జీరియా అంటారు. అప్పుడు దిష్టి మాట ఎవరూ ఎత్తరు.

పట్టీలకి దిష్టి తీసే పద్ధతి నేను చెప్తాను. అల్యూమినియం గిన్నెలో మరిగిన నీళ్లు పోసి, వంటసోడా, ఉప్పు వేసి, పట్టీలు అడుగుకి తగిలేలా వెయ్యండి. దిష్టికి ఉప్పు కావాలన్నది మాత్రం పెద్దలు సరిగ్గానే చెప్పారు. కుళ్లిన గుడ్డు వాసనొస్తుంది, గంధకం వదిలేస్తుంది, వెండి పట్టీలోనే ఉంటుంది. విభూతి పెట్టి తోమితే నలుపుతోపాటు కాస్త వెండీ పోతుంది. సోడా నీళ్ల పద్ధతిలో మసకబారేది గిన్నె. దానికెవరి దిష్టి తగిలిందో జ్యోతిష్కుడే చెప్పాలి.