పాతడబ్బా స్వత్వ నిర్ణయం

మొదటి సూత్రం: డబ్బా కొన్నవానిది, ఆట కొన్నవానిది కాదు.

దీనికి భాష్యం రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే: ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో మా ఇంట్లో అటువంటి డబ్బా ఒకటి ఉండడం. పది పాసైతే గేమ్ కన్సోల్ కొనిస్తానని పిలగానికి నోరు జారాను. పాసయ్యాడు. కొత్తదాని ధర విని, కోఠికి పోయి రీఫర్బిష్డ్‌ది తెచ్చాను. రీఫర్బిష్డ్ అనగా, పాతదాన్ని తుడిచి పాతది అనకుండా అమ్మడం. కంపెనీ పేరు చెప్పను. తార్కికులు వేల ఏళ్లుగా కుండ గురించి వాదించారు కానీ అది ఏ కుమ్మరి చేసిందో ఒక్కరూ అడగలేదు.

ముందు దేహపరీక్ష. వెనక మూలన ఒక స్క్రూ లేదు. చించితే వారంటీ పోతుందనే స్టిక్కర్ చిరిగి ఉంది, దాని మీద చిరగని స్టిక్కర్ ఇంకొకటి ఉంది. గాలి పోయే సందులో టార్చి కొడితే బొద్దింక కాలు కనబడింది. ఇది దోషం కాదు, లక్షణం. పవర్ సప్లై దగ్గర వెచ్చగా ఉంటుంది కాబట్టి బొద్దింకలు అక్కడ కాపురం పెడతాయని రిపేరు చేసేవాళ్లకు తెలిసిన సంగతే. స్విచ్చేయగానే తెర ఎవరో 'కింగ్ విక్కీ'కి స్వాగతం పలికింది.

"డాడీ, గీ విక్కీ ఎవడే?"

ఎవడైతేనేం, వాడి ఖాతాలో పదకొండు ఆటలున్నాయి. నాలుగు రోజులు మా ఇంట్లో దసరా. ఐదోనాడు పొద్దున చూస్తే పదకొండు ఆటల మీద పదకొండు తాళం బొమ్మలు. విక్కీ ఎక్కడో కూర్చుని తన హక్కు వెనక్కి లాక్కున్నాడు. ప్లేస్టేషన్ 4 లాంటి వాటిలో ఆ వెసులుబాటు ఉంది: డబ్బా చేతిలో లేకపోయినా, ఆరు నెలలకోసారి ఖాతాదారు అన్ని డబ్బాల నుంచీ తన పేరు తీసేసుకోవచ్చు. ట్రాక్టర్ మన వాకిట్లో ఉంటుంది, ఆర్సీ మాత్రం ఇంకొకని పేరు మీద ఉంటుంది.

సరే, మనమే ఖాతా తెరిచి మనమే కొందామని తీర్మానించాం. ఇక్కడ మా బామ్మర్ది పూర్వపక్షం లేవదీశాడు: "పైసలు కట్టినంక మనదే గాదా బావా?"

సంగారెడ్డి జిల్లాలో పుట్టి ఈ ప్రశ్న అడగకూడదు. లావుణి పట్టా భూమి తెలియనివాడెవడిక్కడ? సర్కారు ఇచ్చింది, దున్నుకోవచ్చు, కొడుకులకు పోతుంది, కానీ అమ్మితే 1977 నాటి 9వ నంబరు చట్టం అడ్డం పడుతుంది. డిజిటల్ ఆట దానికన్నా ఒక మెట్టు కింద. లావుణి భూమి వారసులకైనా దక్కుతుంది. స్టీమ్ అనే ఆటల అంగడి, ఖాతాను వీలునామాలో కూడా రాయడం కుదరదని 2024లో చెప్పేసింది.

పాత శాసనాల్లో భూమి ఇచ్చేటప్పుడు అష్టభోగాలు ఇచ్చేవారు: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. మా ఆటకు అన్వయిద్దాం. నిధి, అంటే ఆటలో దొరికే బంగారం, కంపెనీది. నిక్షేపం విక్కీ దాచిపెట్టుకున్న సేవ్ ఫైళ్లు, అవి తెరుచుకోవు. ఆగామి, అంటే ముందు ముందు వచ్చే కొత్త అంకాలు, వాటికి వేరే ధర. పాషాణం ఒక్కటే సంపూర్ణంగా మనది: సాఫ్ట్‌వేర్ పాడైన డబ్బాను లోకమంతా ఇటుక అనే పిలుస్తుంది. మిగతా నాలుగింటికి అర్థం చెప్పేవారు దొరికితే అన్వయిస్తాను.

కాలిఫోర్నియావాళ్లు 2024లో చట్టమే చేశారు. ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని కొనేవానికి తేటగా చెప్పకుండా డిజిటల్ సరుకు మీద 'కొనండి' అని రాయకూడదు. 2025 జనవరి 1 నుంచి అమలు. కొన్నది చేజారుతుందనేది ఊరికే పుట్టిన భయం కాదు. 2009లో అమెజాన్, జనం కొనుక్కున్న ఆర్వెల్ '1984' నవలను వాళ్ల కిండిళ్లలోంచే తుడిచేసి, పైసలు వాపస్ ఇచ్చింది. ఇన్ని నవలలుండగా దానికి ఆ నవలే దొరికింది!

రెండో సూత్రం: ఓటీపీ ఉన్నచోట మనిషి ఉండడు.

2020 మార్చి నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డులు స్వదేశంలో ఏటీఎంకూ, దుకాణంలో గీకడానికే పనికొస్తాయి. ఆన్‌లైనూ విదేశమూ మనం విడిగా తెరుచుకోవాలి. మంచి నియమమే. తెరిచాను. నేను పాశమైలారంలో మందుల కంపెనీలో సెకండ్ షిఫ్ట్. లోపల సాల్వెంట్లు ఉంటాయి కనుక ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పెట్టి టోకెన్ తీసుకోవాలి. పిలగాడు ఇంట్లో సాయంత్రం ఆరింటికి 'కొనండి' నొక్కుతాడు. ఓటీపీ గేటు పెట్టెలో మోగుతుంది. దాని ఆయుస్సు తీరిపోతుంది. మళ్లీ నొక్కుతాడు. రాత్రి పదిన్నరకు టోకెన్ ఇచ్చి ఫోన్ తీస్తే పద్నాలుగు ఓటీపీలు, ఇంటిదాని నుంచి ఒక మెసేజ్: "పైసలు ఎవలో గుంజుతున్నరు, జల్ది రా."

డాలస్‌లో ఉన్న మరదలు జాలిపడి గిఫ్ట్ కార్డు పంపింది. అమెరికా కార్డు ఇండియా ఖాతాలో పారదు. పుట్టినప్పుడు రాసిన దేశాన్ని కొన్ని ఖాతాలు ఎన్నటికీ మార్చనివ్వవు. గోత్రమైనా దత్తత పోతే మారుతుంది.

ఇక మిగిలింది డిస్కు. డిస్కు పట్టాభూమి. 2009లో హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' అని ప్లేస్టేషన్ 2కు ఆట చేసింది, ఆ డిస్కు ఎవరింట్లోనైనా గీతలు పడకుండా ఉంటే ఇవాళ కూడా నిక్షేపంగా అమ్ముకోవచ్చు, సంతకాలు అక్కర్లేదు. డిస్కు పెట్టే సందు లేని డబ్బాలు వస్తున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు. మా పిలగాడిప్పుడు సదాశివపేటలో చిన్నమ్మ కొడుకుతో వారానికొక డిస్కు మార్చుకుంటున్నాడు. పోయినసారి వచ్చినదాని మీద ఆవకాయ నూనె వేలిముద్ర ఉంది. అంతకన్నా గట్టి సంతకం ఏముంటుంది?

అయినా పరిశోధకునికి తృప్తి ఉండదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు కూర్చునే డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి పోయి, కథంతా చెప్పి, ఈ ఆస్తికి ఏ కాగితం రాస్తావన్నాను. ఆయన అద్దాలు పైకి జరిపి, "అదంత సరే సారూ, హద్దులు చెప్పుండ్రి" అన్నాడు.

చెప్పాను. తూర్పున టీవీ. పడమర బియ్యం డ్రమ్ము. ఉత్తరాన దేవుని గూడు. దక్షిణాన, రాత్రి పదకొండైనా లేవని పిలగాడు.