ఏకలవ్యునికి ట్యూషను మేష్టారు కావలెను

మహాభారతమున ప్రైవేటు మేష్టారుకొరకు బయలుదేరిన అడవిబిడ్డ యొక్కడే ప్రసిద్ధుడు. అతడు నిషాదరాజైన హిరణ్యధన్వుని కుమారుడు ఏకలవ్యుడు. కురుకుమారులకు విలువిద్య నేర్పుటకై భీష్ముడు సకలోపచారములతో కుదుర్చుకొనిన ద్రోణాచార్యులవారు ఆ పిల్లవానికి ప్రవేశము లేదని నిక్కచ్చిగా సెలవిచ్చిరి; అతడు మారుమాటాడక అడవికిపోయి, ఆచార్యుని మట్టిబొమ్మ నొకదానిని చేసికొని, దానియెదుట తనంతట తానే సాధనచేసి, మొరుగుచున్న కుక్కనోట ఏడు బాణములు నింపునంతటి నేర్పరియైన పిమ్మట, ఒక్కనాడును పాఠము చెప్పని గురువుగారు రుసుము పుచ్చుకొనుటకు మాత్రము అడవిదాక నడచివచ్చి కుడిచేతి బొటనవ్రేలు పట్టుకొనిపోయిరి. తాము చదువు చెప్పని పిల్లవాని ఫొటోను ర్యాంకుల ప్రకటనలో వేసికొను కోచింగు వ్యాపారమును ఎరిగినవారికి ఇందులో వింతపడవలసిన దేమియు కానరాదు.

వింత యేదైన ఉన్నచో అది ఢిల్లీలో ఉన్నది. గిరిజన బాలబాలికలకై 1997–98లో కేంద్రప్రభుత్వము గురుకులములను తలపెట్టినప్పుడు, వానికి పేరుపెట్టు భారము ఎవరిమీద పడినదో గాని, ఆ మహాశయుడు పురాణపురుషుల నందరిని ప్రక్కకు నెట్టి, బడిలో చేర్చుకొనబడని పిల్లవాని పేరే ఏరి తెచ్చి ‘ఏకలవ్య ఆదర్శ గురుకులము’ అని బోర్డులపై వ్రాయించెను. ఇందు ఆదర్శమేది? సీటు దొరకకపోవుటయా, మట్టిబొమ్మ ముందు చదువుకొనుటయా, వ్రేలు పోగొట్టుకొనుటయా? అడిగినవారు లేరు. వ్రేలిని ఇప్పుడెవరును కోయుట లేదనుట న్యాయము. రేషను బియ్యమునకు ఒకమారు, బ్యాంకు పద్దునకు ఇంకొకమారు యంత్రముమీద నొక్కించుకొనుచున్నారు, అంతే. సిగ్నలు లేని ఊళ్లలో యంత్రమును, వ్రేలిని రెంటిని కలిపి గుట్టమీదికి ఎక్కించుచున్నారు.

అట్టి ఆదర్శ గురుకులములలో ఒకటి మా ముంచింగిపుట్టునను కలదు. పాడేరు దాటి, పెదబయలు దాటి, ఇక దారి అయిపోయినదని బస్సులోని క్రొత్తవాడు నిట్టూర్చుచుండగా వచ్చు మండలకేంద్రమిది. ఇంకను ముందుకు పోయినచో జోలాపుట్టు జలాశయము, దాని కావల ఒడిశా. ఈ కొండల అంచున మాచ్‌ఖండ్ నీటితో 1955 నుండి విద్యుత్తు పుట్టుచున్నది. కేంద్రము శక్తి 120 మెగావాట్లు. అది పుట్టిన క్షణముననే తీగెలు పట్టుకొని మైదానమునకు దిగిపోవును. మైదానమునుండి మారుగా ఈ కొండలపైకి ఎక్కివచ్చునవి రెండు: బదిలీ ఉత్తర్వులును, ట్యూషను పిచ్చియు.

మొదటిదానివలన వచ్చినవారే రెండవదానిని వెంటబెట్టుకొని వచ్చిరి. విశాఖనుండియో అనకాపల్లినుండియో బదిలీపై వచ్చిన ఉద్యోగి సామాను లారీనుండి దిగకమునుపే “ఇక్కడ పిల్లలకి మంచి ట్యూషన్ ఎక్కడండీ?” అని అడుగును, బడి యెక్కడనో తరువాత అడుగును, ఒక్కొక్కరు అసలే అడుగరు. వారిని చూచి సంతలో కాఫీగింజలును పసుపును అమ్ముకొని నాలుగు రాళ్లు కండ్లజూచిన గిరిజన రైతు సైతము అదే ప్రశ్న అడుగ మొదలిడెను. ఇది మా ఒక్కరి జాడ్యమే కాదు సుడీ! కేంద్ర గణాంకశాఖవారు 2025లో వెల్లడించిన సర్వేనుబట్టి దేశమున బడిపిల్లలలో నూటికి 27 మంది కోచింగు మెట్లు ఎక్కుచున్నారు. పల్లెలలో సైతము నూటికి పాతికమందికి పైగా ఎక్కుచున్నారు. దేశము ఎక్కు మెట్లను ఏజెన్సీ ఎక్కరాదనుటకు మనమెవరము?

అయితే ఎక్కించు మేష్టారు ఎవరు? ఇక్కడ మన శాసనకర్తల చమత్కారమును కొంత సావధానముగ ఆస్వాదింపవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 28వ సెక్షనుచే బడి ఉపాధ్యాయుడు ప్రైవేటు ట్యూషను చెప్పుట నిషిద్ధము. అనగా బి.ఎడ్. చదివి, టెట్ గట్టెక్కి, డీఎస్సీలో నెగ్గి, పాఠము చెప్పుటకు అర్హుడని సర్కారే ముద్రవేసిన మనిషి తప్ప తక్కిన లోకమంతయు ట్యూషను చెప్పవచ్చును. ఇంటరు తప్పినవాడు చెప్పవచ్చును. సెల్‌ఫోనులకు రీచార్జి చేయువాడు చెప్పవచ్చును. ఎక్కములలో పదమూడవది రాక చదువు మానుకొనినవాడు పన్నెండవదాక చెప్పి, తరువాతిది పై క్లాసులో వచ్చునని నచ్చజెప్పవచ్చును. చట్టమునందు భయభక్తులు గల ఉపాధ్యాయులు లేకపోలేదు. వారిని సమీపించినచో “అబ్బే, ట్యూషనెక్కడండీ! మావాడు చదూకుంటుంటే మీవాడూ పక్కన కూర్చుంటాడు, అంతే” అందురు. కూర్చుండుటకు నెలకింతయని పుచ్చుకొనరాదని ఆ సెక్షనులో ఎక్కడను లేదు.

ఇక మిగిలినవాడు స్థానికుడైన నిరుద్యోగి: బి.ఎడ్. పట్టా కలవాడు, పిల్లలు ఇంటిలో మాటాడు మాట తెలిసినవాడు, పిలిచిన పలుకువాడు. ఇట్టివారికై 2000 జనవరి 10వ తేదీని వెలువడిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయ కొలువులన్నియు స్థానిక గిరిజనులకే యనెను. నూటికి నూరుపాళ్లు రిజర్వేషను రాజ్యాంగమునకు సరిపడదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. న్యాయస్థానము తీర్పుపై వ్యంగ్యము తగదు గనుక నేను మౌనము వహించి, ఆ నిరుద్యోగి సంగతి మాత్రము చెప్పెదను. అతడు మా వీధి పిల్లలను పోగుచేసి సాయంకాలములందు నాలుగు లెక్కలు చెప్పుచుండగా, 2025లో 16,347 కొలువులతో మెగా డీఎస్సీ ప్రకటన వెలువడెను. మరునాడు సంచి భుజమున వేసికొని, కొండలు దిగి, విశాఖ దాటి, గోదావరి దాటి, కృష్ణ ఒడ్డునున్న అవనిగడ్డకు పోయెను. అది డీఎస్సీ కోచింగునకు కాశీక్షేత్రము. పిల్లలకు మేష్టారు లేడు; మేష్టారు మాత్రము తన మేష్టారు ముందు రెండువందల మంది నడుమ కూర్చుండి, బాలల మనస్తత్వమును బహుళైచ్ఛిక ప్రశ్నలుగా వల్లెవేయుచుండెను.

మనుష్యులతో వచ్చిన చిక్కు ఇదియని గ్రహించియే కాబోలు, రాష్ట్రప్రభుత్వము నడుమ ఒకమారు మనుష్యుడు లేని మేష్టారును తెప్పించెను. 2022 డిసెంబరులో సర్కారు బడులలోని ఎనిమిదవ తరగతి పిల్లలకును, ఉపాధ్యాయులకును బైజూస్ పాఠములు నింపిన ట్యాబులు పంచిరి. మొత్తము 5 లక్షల పైచిలుకు. బెంగుళూరు ట్యూషను పెట్టెలో పెట్టి కొండలకు వచ్చినది. సిగ్నలు లేకున్నను పాఠములు నడచునని చెప్పిరి; అది సత్యమే. కాని ఎన్నిమార్లు అడిగినను అదే మాటను, అదే చిరునవ్వుతో, అదే వేగముతో చెప్పు మేష్టారు పిల్లల అనుమానమును వినలేడు గదా! ద్రోణుని మట్టిబొమ్మకు చార్జింగు అక్కరలేదనునది ఒక్కటే భేదము. 2024 జూలైలో ఆ సంస్థయే దివాలా ప్రక్రియలోనికి పోయెను. క్రికెట్ జట్టు చొక్కాలపై పేరు వేయించుకొనిన బాకీ 158 కోట్లు తీర్చలేదని క్రికెట్ బోర్డు ఫిర్యాదు. లాభనష్టముల లెక్కను దేశమున కెల్ల నేర్పబూనిన గురువు తన నోటుపుస్తకములో ఆ లెక్కనే తప్పుట విద్యార్థులకు ఎంతో ధైర్యమిచ్చు సంగతి.

అయినను మేష్టారు దొరకకపోవుట అసలు చిక్కు కాదు. దొరకిన మేష్టారు చెప్పినది పిల్లవానికి తెలిసినచో తల్లిదండ్రులకు తృప్తి కలుగకపోవుట అసలు చిక్కు. ఈ రహస్యమును మనలో మొదట కనిపెట్టినవాడు గిరీశము. 1892లో విజయనగరమున రంగమెక్కిన కన్యాశుల్కములో అతడు వెంకటేశమునకు ట్యూషను మేష్టారై అగ్రహారమునకు పోయి, పిల్లవాని తల్లి వెంకమ్మగారు ముచ్చటపడి ఇంగ్లీషులో మాటాడుడని అడుగగా, గురుశిష్యు లిరువురును నోటికి వచ్చిన ముక్కలను పొంతన లేకుండ ఒకరిపై ఒకరు విసరుకొనిరి. ఆమె మురిసిపోయెను. వారొక అర్థవంతమైన తెలుగు మాట ఆడినచో ఆమె అంత మురిసియుండెడిది కాదు. అప్పారావుగారి అగ్రహారము మైదానములో ఉన్నది గాని, ఆ మురిపెము నేడు కొండ ఎక్కినది.

మా పిల్లవాని సంగతి చూడుడు. ఇంట ఆదివాసీ ఒడియా మాటాడును. అమ్మమ్మ ఇంట కువి వినును. సంతలో తెలుగు నేర్చును. పుస్తకము ఇంగ్లీషులో ఉన్నది. గురుకులములో చేరినచో హిందీ ఎదురు వచ్చును. 2023లో ఏకలవ్య కొలువులకు దేశమంతటికి ఒకే పరీక్ష పెట్టి, అందు హిందీని చేర్చినందున, ఉత్తరాది యువకులు దక్షిణాది కొండలకు వచ్చి, దిగిననాటినుండి స్వస్థలమునకు బదిలీకై అర్జీలు వ్రాసికొనుచున్నారని పత్రికలు వ్రాసినవి. వారి తప్పేమున్నది పాపము! పిల్లవాడు వారిని చూచి ఎంత తెల్లబోవునో, వారును పిల్లవానిని చూచి అంతే తెల్లబోవుదురు. విద్యాహక్కు చట్టము 29వ సెక్షను మాత్రము బోధన సాధ్యమైనంతవరకు మాతృభాషలో ఉండవలెనని చెప్పుచునే ఉన్నది. ‘సాధ్యమైనంతవరకు’ అను మాటకంటె సుఖమైన పడకకుర్చీ మన ఆఫీసులలో మరియొకటి లేదు. ఈ రాష్ట్రముననే 2004లో సవర, కువి, కొండ, కోయ, ఆదివాసీ ఒడియా మొదలగు ఎనిమిది భాషలలో వాచకములు వేయుటకు పూనుకొనిరి. అవి ఎచ్చట ఉన్నవని అడిగినచో బీరువా తాళము గల ఉద్యోగి బదిలీపై పోయినాడందురు.

ఈ విషయమున పర్లాకిమిడి మేష్టారు గిడుగు రామమూర్తిగారు తిరుగుడు పద్ధతి పట్టిరి. సవరలకు చదువు చెప్పవలెనని తోచి, ముందు తామే సవరల యెదుట విద్యార్థియై కూర్చుండి వారి భాష నేర్చి, అందు పుస్తకములు వ్రాసి, సొంత డబ్బు పెట్టి బడులు నడిపి, 1931లో సవర వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. ట్యూషను చెప్పుటకు ముందు శిష్యునియొద్ద ట్యూషను చెప్పించుకొనిన మేష్టారు! ఈ రోజున అట్టి ప్రకటన పాడేరు బస్టాండులో అంటించినచో మనుష్యుడు మతి చెడినవాడని ఫోను చేయువారుండరు. (ఈ వ్యాసపు చేయుచున్నలు, కలవులు చూచినచో వ్యావహారికవాదియైన ఆ మహానుభావుడు నాకు గుంజీలు తీయించియుండును. కాని మాటలు ఎంత దూరముగా ఉన్న అంత గౌరవమని నేనును నా ఊరివారివద్దనే నేర్చితిని.)

దసరా సెలవులలో ఒక పల్లెకు పోగా, ఇంటి అరుగుమీద ఆశ్రమపాఠశాలలో పదవ తరగతి చదువుచున్న అమ్మాయి తమ్మునికి తీసివేతలు చెప్పుచుండెను. చేటలో రాజ్మా గింజలు పోసి, నలుబది రెండింటిలోనుండి పదునెనిమిది తీయుమనెను. వాడు తడబడగా, పదేసి గింజల కుప్పలు పెట్టించి, ఒక కుప్పను చెదరగొట్టి విడిగింజలలో కలిపి, తమ భాషలో ఏదో అనెను. వాడు చప్పున “ఓహో” అని, ఒక కుప్పను తీసి, విడిగింజలలో ఎనిమిది తీసి, తక్కిన వానిని లెక్కించి ఇరువది నాలుగు చూపెను. అంతలో ఒక కోడి వచ్చి రెండు గింజలు ముక్కున కరచుకొనిపోగా, వాడే “ఇరవై రెండు” అని సవరించెను. ఇంత పాఠమును నేను శిక్షణ తరగతులలో సైతము చూడలేదు. ఇంటి యజమాని నన్ను చూచి లేచి వచ్చి, పిల్లవానికి మంచి ట్యూషను మేష్టారు ఎవరైన దొరకుదురా యని అడిగెను. నీ కూతురే ఉన్నదిగదా అంటిని.

“అది మా బాసలోనే సెప్తాది బాబూ,” అని అతడు నవ్వెను. “అదీ సదువేనేటి?”

తరువాత సంతలో కనబడి మేష్టారు కుదిరినాడని సంతోషముగా చెప్పెను. మేష్టారు విశాఖలో ఉండును; ఫోనులో ఇంగ్లీషుననే పాఠము; నెలకు పదునైదువందలు, ముందుగా. సిగ్నలు ఊరి వెనుకనున్న బండమీద వచ్చును గనుక సాయంకాలము ఆరు గంటలకు పిల్లవానిని అక్కడికి ఎక్కించుచున్నారట. మొదటి దినమే మేష్టారుమీద గురి కుదిరినదట. ఒక్క ముక్కయు ఎవరికిని తెలియలేదట. సెలవులు అయిపోవువరకు అక్కయును బండ ఎక్కి, ఒక చేత ఫోను పట్టుకొని, మేష్టారు చెప్పినదంతయు రెండవ చేత గింజలు పరచి తమ్మునికి ఇంటి మాటలో మరల చెప్పవలెనని ఏర్పాటు. ఆ అమ్మాయికేమి ఇచ్చుచున్నావని అడిగితిని. ఫోను చార్జింగు పెట్టు పనికూడ దానికే అప్పగించినానని చెప్పెను.