నక్షత్రాది వాక్యం: టీకాతాత్పర్య సహితం

మూలం: సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ ఆర్డర్స్ వేర్ డేట్ ఆఫ్ ఆర్డర్‌టైమ్ ఈక్వల్స్ 2023-03-07.

అవతారిక. పది కోట్ల రికార్డులున్న టేబుల్‌లో ఒక్క రోజు ఆర్డర్లు కావలసిన ఒక ఉద్యోగి మైఎస్‌క్యూఎల్‌ను ఉద్దేశించి పలికిన వాక్యమిది. పలికి టీకి వెళ్ళాడు. తిరిగొచ్చినా జవాబు రాలేదు గనుక టీక అవసరమైంది.

ప్రతిపదార్థం. ఫ్రమ్ ఆర్డర్స్ = ఆర్డర్ల టేబుల్ నుండి; వేర్ = ఎచ్చట; డేట్ ఆఫ్ ఆర్డర్‌టైమ్ = ఆర్డరు సమయంలో గంటలూ నిమిషాలూ గీకివేయగా మిగిలిన తేదీ; ఈక్వల్స్ = చెప్పిన తేదీకి సమానమో; స్టార్ = అచ్చటి సమస్త కాలమ్‌లను; సెలెక్ట్ = ఎంచి తెమ్ము.

స్టార్ అన్న పదంలో అతివ్యాప్తి దోషముంది. ఆయనకు కావలసింది ఆర్డరు నంబరూ, బిల్లు మొత్తమూ. అడిగింది డెలివరీ చిరునామాతో సహా అన్నీ. పోనిద్దాం, ఇది చిన్న దోషం.

పెద్దది ‘డేట్ ఆఫ్’లో ఉంది. ఆర్డర్‌టైమ్ మీద ఇండెక్స్ ఉండనే ఉంది. ఇన్నోడీబీ దాన్ని 16 కేబీ పేజీల బీ-ట్రీగా కట్టుకుంటుంది. పది కోట్ల రికార్డులైనా మూడు నాలుగు అంచెలు దిగితే చాలు. (ఈ చెట్టును బోయింగ్ పరిశోధనశాలలో నాటిన బేయర్, మెక్‌క్రైట్ ‘బీ’ అంటే ఏమిటో తమ పత్రంలో చెప్పక, వ్యాఖ్యాతలకు శాశ్వత ఉపాధి కల్పించారు.) అయితే ఇండెక్స్‌లో పేర్చి ఉన్నవి సమయాలు. గీకిన తేదీలు అందులో లేవు. దాంతో సర్వర్ పాపం ప్రతి రికార్డునూ ఎత్తి, గీకి, పోల్చి, దించుతోంది.

విశేషం. కాళిదాసుకు కొల్చారం మల్లినాథసూరి ఉన్నట్టు ఈ వాక్యానికి ఎక్స్‌ప్లెయిన్ ఉంది. ఆ మాటను ముందు తగిలిస్తే, టైప్ అనే గడిలో ‘ఆల్’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. సర్వమూ చదవక తప్పదని దాని భావం.

పాఠాంతరం. ‘ఆర్డర్‌టైమ్ మార్చి 7 సున్నా గంటలు మొదలుకొని, మార్చి 8 సున్నా గంటలకు లోపు’ అన్నది సాధుపాఠం. దీనికి అదే గడిలో ‘రేంజ్’ వస్తుంది. కొందరు ‘బిట్వీన్’ అని చదువుతారు; అది రెండు కొసలనూ కలుపుకొంటుంది గనుక ఎనిమిదో తేదీ సరిగ్గా సున్నా గంటలకు పడిన ఆర్డరు దొంగచాటుగా చొరబడుతుంది. మరియాడీబీ 11.1 శాఖవారు మూలాన్ని తామే సవరించుకొని చదువుతారు. మైఎస్‌క్యూఎల్ 8.0.13 నుంచి ‘డేట్ ఆఫ్’ మీదనే వేరే ఇండెక్స్ కట్టవచ్చు. రెండు మాటలు దిద్దే బద్ధకానికి పది కోట్ల రికార్డులకు మరో ఇండెక్స్, ఆపై ప్రతి ఇన్సర్ట్‌కూ అదనపు రాత: ఇది టీకాకారుడికి సమ్మతం కాదు.