జైపూర్ కాలి ఆత్మకథ

చూడ్డానికి నేను ఐదు వేళ్లున్న చామనఛాయ పాదాన్ని. లోపల మాత్రం మడమకూ వేళ్ల వైపుకూ స్పాంజి రబ్బరు దిమ్మెలు, చీలమండ దగ్గర కర్ర దిమ్మె. వాటికి టైరు దారాల పొరలూ రబ్బరూ చుట్టి అచ్చులో ఉడికిస్తే నేనయ్యాను. 1968లో జైపూర్ సవాయి మాన్‌సింగ్ ఆస్పత్రిలో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి మా వంశాన్ని మొదలుపెట్టారు. అప్పటిదాకా వాడిన విదేశీ పాదానికి చీలమండ కదలదు, బూటు తొడగనిదే పని జరగదు. మన ఇళ్లలోకి బూట్లతో ఎవరు వెళ్తారు? బాసింపట్టు వేయాలి, గొంతుక్కూర్చోవాలి, బురదలో ఉత్తకాళ్లతో నడవాలి. నేను అన్ని వైపులకూ కాస్త వంగుతాను, నీళ్లకు భయపడను. 1985లో వచ్చిన ‘మయూరి’ సినిమాలో సుధాచంద్రన్ నాట్యం చూసి మా పేరు తెలుసుకున్న తెలుగువాళ్లు ఎందరో.

నా కాపురం కాజీపేటలో, దర్గా దారిలో పూలమ్మే ఒకామె దగ్గర. ఆమెను నేను అమ్మ అంటాను. షుగర్ పుండు ముదిరితే ఆమెకు మోకాలి కింద కాలు తీసేశారు. తర్వాత ఒక క్యాంపులో కొలత తీసుకొని, ఆ రోజే నన్ను బిగించి పంపారు. ఆమె నడుస్తుంటే అందరూ నన్నే మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాపైన ఉండి మిగిలిన కాలిని ఇముడ్చుకునే సాకెట్‌కు దక్కాలి.

నీళ్ల పైపులకు వాడే హెచ్‌డీపీఈ గొట్టాన్ని వేడిచేసి, మిగిలిన కాలికి పోసిన ప్లాస్టర్ అచ్చు మీదికి లాగి సాకెట్ చేస్తారు. ఒంటి బరువు మోకాలి చిప్ప కింద ఉండే గట్టి పట్టీ మీద పడాలి. బొక్క కొసకు, పక్క బొక్క తలకు ఒత్తిడి తగలకూడదు. ఆ లెక్క ఒక్క పిసరు తప్పినా నేనెంత మెత్తగా ఉండి ఏం లాభం?

పైగా మిగిలిన కాలు ఎప్పుడూ ఒకేలా ఉండదు. మొదటి నెలల్లో వాపు తగ్గి, కండ కరిగి సన్నబడుతుంది. ఒక్క రోజులోనే పొద్దుటికీ సాయంత్రానికీ తేడా వస్తుంది. మా అమ్మకూ అంతే అయింది. సాకెట్ వదులై అడుగు వేసినప్పుడల్లా కాలు లోపలికి దిగేది, ఎత్తితే పైకి జారేది. ఆమె పాత చీర ముక్క కుక్కుకుంది. షుగర్ ఉన్నవాళ్లకు చర్మం స్పర్శ మొద్దుబారుతుంది, ఒరుసుకున్నా నొప్పి తెలియదు. ఒక రాత్రి కూతురు అద్దం పట్టి చూస్తే బొక్క కొసన ఎర్రటి మచ్చ.

మర్నాడే కాళ్లు చేసే అతని దగ్గరికి వెళ్లారు.

“ఏడ నొస్తున్నదమ్మా?”

“నొప్పి తెల్వది బిడ్డా. నడుస్తుంటే లోపలికి దిగిపోతున్నట్టు అయితది.”

మచ్చ మానేదాకా నన్ను తొడగవద్దన్నాడు. మానాక కొత్త అచ్చు పోసి సాకెట్ మార్చాడు, మందం వేరువేరుగా ఉన్న సాక్సులు ఇచ్చి, వదులైతే ఒకటి ఎక్కువ వేసుకొమ్మన్నాడు. తర్వాత నన్ను ఒక వెంట్రుకవాసి బయటికి తిప్పాడు, పొడవు సరిచూశాడు. పొడవు ఎక్కువైతే నడుము ఎత్తి విసరాల్సి వస్తుంది. మడమ మరీ గట్టిదైతే మోకాలు ముందుకు నెట్టుకుపోతుంది. ఆ దిద్దుబాటు తర్వాత మా అమ్మ జంక్షన్ వంతెన మెట్లు రెయిలింగ్ పట్టుకొని దిగగలిగింది.

ఆమె దగ్గర మల్లెలు కొనే ఒక రైల్వే పెద్దాయనకు తొడ దాకా కాలు లేదు. ఆయన పాదమూ నాలాంటిదే. కానీ ఆయన నడక మోకాలి కీలు మీద ఆధారపడింది. తలుపు బందులా ఒకే చోట మడతపడే కీలైతే అడుగు తడబడినప్పుడు ముడుచుకుపోయే భయం. నాలుగు కడ్డీలతో చేసింది నిలబడినప్పుడు స్థిరంగా ఆనుతుంది. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులతో కలిసి జైపూర్ వాళ్లు తక్కువ ఖర్చులో అలాంటి మోకాలు చేశారు. అయినా తొడ దాకా పోయినవాళ్లకు అదే దూరం నడవడానికి ఆయాసం ఎక్కువ.

కాళ్లు పంచే క్యాంపులను నేను తక్కువ చేయను. అవే లేకపోతే నేను మా అమ్మను చేరేదాన్ని కాదు. అయితే ఆరునెలల తర్వాత మళ్లీ వచ్చి సాకెట్ చూసే మనిషి కూడా వాటితో పాటు రావాలి. జిల్లా ఆస్పత్రిలో వారానికి ఒక్క రోజు ఆ పని పెట్టినా ఎందరో కాలు మూలన పడేయకుండా ఉంటారు.

నా మడమ స్పాంజి ఇప్పుడు అణిగిపోయింది. వచ్చే నెల స్క్రూలు విప్పి కొత్త పాదం బిగిస్తామన్నారు. మా అమ్మ మాత్రం సాకెట్ కూడా చూడాలని ముందే చెప్పి పెట్టింది.