బంతి ఎవరిది?

గోడ దాటి ఎవరి పెరట్లోనైనా పడ్డానంటే ముందు వినబడే మాట ఒకటే: "ఈ బంతి ఎవరిదిరా?" పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవారు. గెలిచిన పూట నేను అందరిదాన్నీ. కిటికీ అద్దం పగిలిన పూట ఎవరిదాన్నీ కాను. ఫుట్‌బాల్ జన్మ ఎత్తాక ఇలాంటివి మనసులో పెట్టుకోకూడదు. అయినా ఆ ప్రశ్న మాత్రం నా లోపలి గాలితోపాటే ఉండిపోయింది.

నేను పుట్టింది జలంధర్‌లో. ఆరు మూలల తెల్ల ముక్కలు 20, అయిదు మూలల నల్ల ముక్కలు 12. మైనం పట్టించిన దారంతో, రెండు చేతుల్లో రెండు సూదులు పట్టుకుని ఒకామె నన్ను లోపలి వైపు నుంచి కుట్టింది. చివర్లో తిరగేసి, ముడిని కనబడకుండా లోపలికి తోసేసింది. బంతి కుట్టడంలో పనితనమంతా ఆ ఆఖరి ముడిని దాచడంలోనే ఉంది. ఈ విద్య జలంధర్‌లో పుట్టింది కాదు. 1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు సియాల్‌కోట్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్నది. నా పుట్టింటివాళ్ళు కూడా వలసవాళ్ళేనన్నమాట.

అంతకు ముందు తరం సంగతి చెప్పాలంటే అర్జెంటీనా దాకా పోవాలి. పాతకాలపు ఫుట్‌బాల్‌కి బూటుకున్నట్టు లేసులుండేవి. తలతో కొడితే నుదురు చీరుకుపోయేది. 1931లో అర్జెంటీనాలోని బెల్‌విల్ అనే ఊళ్ళో ముగ్గురు కలిసి, లేసులు పీకేసి, గాలి నింపడానికి వాల్వు పెట్టి కొత్త బంతి తయారుచేశారు. పంపు సూది గుచ్చడానికి నా ఒంటి మీద ఓ చిన్న బెజ్జం ఉంటుంది చూడండి, అది వాళ్ళ చలవే. అందుకని దక్షిణ అమెరికా ఆటగాళ్ళ గురించి మాట్లాడితే నన్ను ఎవరూ తప్పుపట్టకూడదు.

కోల్‌కతాలో ఓడెక్కి 2014 జూన్‌లో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. నేను దిగినప్పటి పేరే నా నోటికి వస్తుంది, ఏమనుకోకండి. అబర్డీన్ బజారులో ఒక కొట్టు ముందు వల సంచీలో వేలాడుతున్నాను. ప్రపంచ కప్ రోజులు. ఇటు బ్రెజిల్ జెండాలు, అటు అర్జెంటీనా జెండాలు. ఈ ద్వీపాల్లో బెంగాలీలు ఎక్కువ. హైకోర్టు కూడా కలకత్తాదే. ఫుట్‌బాల్ విషయంలో కలకత్తాకి జ్వరమొస్తే ఇక్కడ ఒళ్ళు కాలుతుంది.

చేపల వాసన వేసే రెండు చేతులు నన్ను అటూ ఇటూ నొక్కి చూశాయి.

"ఇది సాల్తాదేట్రా గుంటా? ఇంకా పెద్దది కావాలా?"

"ఇదే తాతా. అయిదో నంబరు."

ఆ పొద్దున అమ్మిన కోనెం చేపల డబ్బుల్లో కొంత నాకోసం పోయింది.

తాతది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం పక్క. పదమూడేళ్ళప్పుడు మేనమామ చెయ్యి పట్టుకుని విశాఖలో ఓడెక్కాడు. 1950ల నుంచీ ఆ తీరంవాళ్ళు వలలు భుజానేసుకుని అండమాన్ వస్తూనే ఉన్నారు. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర వీళ్ళ ఇల్లు. కళ్ళు మూసుకుని ఆ వీధిలో నడిస్తే శ్రీకాకుళంలో ఉన్నామనుకుంటారు. పిల్లాడిది తెలుగు మీడియం బడి.

మేం ఆడేది రేవు వెనక, చేపలు ఎండబెట్టే చోటుకి పక్కన ఉన్న ఖాళీ జాగాలో. పాస్ అడగడానికి హిందీ, తిట్టుకోవడానికి తమిళం, గోల్ పడితే కేకలు బెంగాలీలో. మోకాలు చెక్కుకుపోతే మాత్రం ఎవడి భాష వాడిది. మావాడు "ఓలమ్మో!" అనేవాడు. గడియారం ఢిల్లీదే అయినా సూర్యుడు మాత్రం తూర్పువాడు. చలికాలంలో సాయంత్రం అయిదున్నర కాకముందే చీకటి పడిపోయేది. బడి నుంచి వచ్చి సంచి విసిరేసి పరుగెత్తుకొస్తే దొరికేది గంట ఆట. ఆ గంటలో ఒక్క నిమిషం నన్ను నేల మీద ఊరికే ఉంచేవారు కాదు.

పిల్లాడిది ఎడంకాలి వాటం. వయసుకి తగ్గ ఎత్తు లేదు. వారం తిరిగేసరికి వాడి పేరు మెస్సీ అయి కూచుంది. ఆ పేరు వెనక కథ వాడు తాతకి చెబుతుంటే మంచం కింద పడుండి నేనూ విన్నాను.

లియొనెల్ మెస్సీది అర్జెంటీనాలో రొసారియో అనే ఊరు. 1987లో పుట్టాడు. పదేళ్ళు దాటినా ఎదగడం లేదని చూపిస్తే, ఎదుగుదల హార్మోను తక్కువగా ఉందన్నారు డాక్టర్లు. రోజూ రాత్రి కాలికి ఇంజెక్షన్. ఆ ఖర్చు మోయడం ఇంటివల్ల కాలేదు. 2000లో తండ్రి వెంట బార్సిలోనా వెళ్ళి ఆట చూపించాడు. క్లబ్బు పెద్దలు నెలల తరబడి నాన్చారు. చివరికి డిసెంబరు 14న కార్లెస్ రెషాక్ అనే క్లబ్బు పెద్దమనిషి, చేతికందిన పేపర్ నాప్‌కిన్ మీద నీలం సిరాతో ఒప్పందం రాసి సంతకం పెట్టాడు. మూతి తుడుచుకునే కాగితం! 2024లో అదే కాగితాన్ని వేలం వేస్తే 7,62,400 పౌండ్లు పలికింది.

తాతకి ఆట పట్టదు. వల చిరుగులు అల్లుకుంటూ ఊ కొడుతున్నాడు. ఒక్క చోట మాత్రం చెయ్యి ఆగింది.

"ఎన్నేళ్ళన్నావు, పదమూడా? ఆ ఈడుకే సముద్రం దాటించేసినారా? మరి ఆళ్ళమ్మో?"

"కొన్నాళ్ళుండి తిరిగి ఊరెళ్ళిపోయింది తాతా. నాన్నొక్కడే ఉన్నాడు తోడు."

తాత ఇంకేమీ అడగలేదు. సూది మళ్ళీ కదలడానికి కొంచెంసేపు పట్టింది.

ఆ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం వేరే ఉంది. 2005 మే 1, అల్బసెటె జట్టుతో ఆట. బ్రెజిల్‌వాడు రొనాల్డీనో బంతిని కాలివేళ్ళతో చేటలో బియ్యం ఎగరేసినంత సుళువుగా లేపి, ఎదటివాళ్ళ తలల మీదుగా వదిలాడు. పదిహేడేళ్ళ మెస్సీ దాన్ని గోల్‌కీపర్ నెత్తి మీదుగా పంపేశాడు. బార్సిలోనాకి అతని మొదటి గోల్. ఆ వెంటనే రొనాల్డీనో పిల్లాణ్ణి వీపు మీదికి ఎక్కించుకున్నాడు. సొంత గడ్డ మీద బ్రెజిల్‌కీ అర్జెంటీనాకీ ఉప్పూ నిప్పూ. పరాయి రేవులో ఇద్దరూ ఒక ఊరివాళ్ళే. జంగ్లీఘాట్‌లోనూ అంతే. శ్రీకాకుళం తీరంలో సరిహద్దు తగువులతో మాటల్లేని రెండు ఊళ్ళవాళ్ళు ఇక్కడ ఒకే పడవలో ఒకే క్యారేజీ విప్పుకుని తింటారు.

2014 ఫైనల్ మాకు అర్ధరాత్రి దాటాక మొదలైంది. జర్మనీ చేతిలో 1-0తో అర్జెంటీనా ఓడిపోయింది. అక్కడివాళ్ళు ఎప్పట్నుంచో అంటున్న మాట మళ్ళీ అన్నారు: మెస్సీ బార్సిలోనాకి ఆడినట్టు మనకి ఆడడు, జాతీయగీతం వచ్చినప్పుడు నోరు కదపడు, వాడు మనవాడు కాదు, స్పెయిన్‌వాడు. మావాడికి ఒళ్ళు మండింది. ఆ మంట వాడికి ఎక్కడ తగిలిందో మరుసటి ఎండాకాలం నాకు తెలిసింది.

నాలో గాలి తీసేసి, మడిచి, బట్టల మధ్య కుక్కి ఓడెక్కించారు. రెండు రాత్రులు దాటి విశాఖ, అక్కడినుంచి బస్సులో తాత ఊరు. కళింగపట్నం ఇసకలో మళ్ళీ గాలి పీల్చుకున్నాను. ఆట మొదలై పది నిమిషాలు కాలేదు, ఎవడో అరిచాడు: "అండమానోడికి ఇయ్యకండ్రా!" బంతి మావాడిదే, తెచ్చింది మావాడే. అయినా పాస్ రాలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో వాడు తెలుగోడు, తెలుగుదేశంలో అండమానోడు. తిరుగు ఓడలో డెక్కు మీద నన్ను ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. తాత అన్నాడు: "నాకూ అలగే అంటారు బావూ. మాట ఒక్కటి పోకండా సూసుకో, సాలు." తాత యాస పదమూడేళ్ళ వయసులో ఓడెక్కినప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. మెస్సీ కూడా అంతేనట, ఇరవై ఏళ్ళు బార్సిలోనాలో ఉన్నా నోట రొసారియో యాస పోలేదు.

2016 జూన్ 27. కోపా అమెరికా ఫైనల్, చిలీతో. తెల్లవారుజామున అయిదున్నరకి మొదలైంది. మాకప్పటికే ఎండ పొడిచింది. పెనాల్టీలకొచ్చింది, మెస్సీ కొట్టింది గోలు మీదుగా ఎగిరిపోయింది. దేశం తరఫున ఇక ఆడనన్నాడు. ఆ కసి మావాడు నా మీద తీర్చుకున్నాడు. పగడపు రాతి అంచుకి తగిలి నా పక్క కుట్టు జానెడు మేర విడిపోయింది. లోపలి రబ్బరు తిత్తి నాలుకలా బయటికొచ్చింది.

తాత తిట్టలేదు. దీపం దగ్గరికి జరిగి, గాలి తీసి, తిత్తికి దబ్బనం తగలకుండా చెంచా కాడ అడ్డం పెట్టాడు. వలకి వాడే ఆకుపచ్చ నైలాను దారం తీసుకుని, పాత బెజ్జాల్లోంచే ఒక్కొక్కటీ లాగి బిగించాడు. ప్రతి కుట్టుకీ దారాన్ని పంటి కింద పట్టి నొక్కేవాడు. ఆఖర్న జాలరి ముడి వేశాడు. తిరగేసి దాచే వీలు లేదు గనక ఆ ముడి బయటే ఉండిపోయింది. అప్పట్నుంచీ గాల్లోకి లేస్తే ఎడమకి కాస్త ఒరిగేదాన్ని. మావాడు ఆ ఒరుగు లెక్క కనిపెట్టి గోల్స్ కొట్టేవాడు. అక్కడ మెస్సీ కూడా రెండు నెలలు తిరక్కుండానే మనసు మార్చుకుని దేశం జెర్సీ మళ్ళీ వేసుకుంటానన్నాడు.

ఇక నా గోడు ఒకటి వినండి. ఈ ద్వీపాల్లో ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చేది నికోబారీలు. కార్ నికోబార్ నుంచి వచ్చి మాతో ఆడిన కుర్రాళ్ళ కాళ్ళ బలం నా ఒంటికి తెలుసు. అక్కడినుంచి ఎవరైనా యూరప్ వెళ్తే నా వెంటే వెళ్తారనుకున్నాను. వెళ్ళారు, సైకిల్ మీద! అదీ బ్రేకుల్లేని సైకిల్. మొదట డెబోరా హెరాల్డ్. 2004 డిసెంబరు 26 సునామీలో తొమ్మిదేళ్ళ పిల్ల, చెట్టు పట్టుకుని బతికింది. పెద్దయ్యాక 500 మీటర్ల టైమ్ ట్రయల్‌లో ప్రపంచంలో నాలుగో ర్యాంకుకి చేరింది. తర్వాత ఈసో ఆల్బెన్. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఏగ్ల్‌లో జూనియర్ ప్రపంచ పోటీల్లో కైరిన్ రేసులో రజతం తెచ్చాడు. ప్రపంచ సైక్లింగ్‌లో మన దేశానికి అదే మొదటి పతకం. మరుసటి ఏడు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఓడర్‌లో మణిపూర్ కుర్రాళ్ళతో కలిసి టీమ్ స్ప్రింట్‌లో బంగారమే కొట్టాడు.

ఆ మణిపూర్ కుర్రాళ్ళలో ఒకడి పేరు రొనాల్డో సింగ్. బ్రెజిల్ ఆట మీది మోజుతో ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. కార్ నికోబార్ నుంచి ఇంకో కుర్రాడి పేరేమో డేవిడ్ బెకమ్. ఇంటిపేరు ఎల్కటోచుంగో. సునామీ తండ్రిని తీసుకుపోయింది. పేరుకు తగ్గట్టు ముందు నాతోనే ఆడాడు, సుబ్రతో కప్‌లో అండమాన్ తరఫున. ఆ తర్వాత నన్ను వదిలి సైకిలెక్కాడు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో, లండన్ వెలోడ్రోమ్‌లో, రొనాల్డో, బెకమ్ ఒకే జట్టుగా భారతదేశానికి తొక్కారు. పేర్లు నావి, పతకాలు సైకిల్‌వి! మొదట్లో కుళ్ళుకున్న మాట నిజం. తర్వాత సర్దిచెప్పుకున్నాను. పేరు ఎవరి దగ్గర అరువు తెచ్చుకుంటేనేం, ముందుకి నెట్టే కాలు ద్వీపానిదే కదా.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చింది. అంతవరకూ ఫోన్లో చక్రం తిరుగుతూ ఉండే బొమ్మ, అప్పట్నుంచి కదిలింది. మరుసటి ఆగస్టు 8న ఆ ఫోన్లోనే మెస్సీ ఏడుస్తూ కనబడ్డాడు. 778 ఆటలు ఆడి, 672 గోల్స్ కొట్టిన క్లబ్బుని వదిలి పారిస్ పోతున్నాడు. "ఇల్లొదిలినోడికి మళ్ళా ఇల్లొదలడం ఇంకా కష్టంరా," అన్నాడు తాత. అప్పటికి నెల ముందే బ్రెజిల్ మీద, మరకానా మైదానంలోనే, కోపా అమెరికా గెలిచాడు. 2022 డిసెంబరు 18న ఫ్రాన్స్ మీద ప్రపంచ కప్ గెలిచాడు. ఆట 3-3, పెనాల్టీల్లో 4-2. ఆ రాత్రి జంగ్లీఘాట్‌లో టపాకాయలు పేలాయి. "వాడు మనవాడు కాదు" అన్న నోళ్ళన్నీ "మావాడే" అన్నాయి. 2025 డిసెంబరులో హైదరాబాద్ ఉప్పల్ స్టేడియానికొస్తే మన తెలుగువాళ్ళూ అదే మాట అన్నారు. గెలిచిన పూట అందరిదీ అన్న నా పాత సంగతే.

ఇప్పుడు పిల్లాడు విశాఖలో చదువుకుంటున్నాడు. ఓడెక్కేటప్పుడు నన్ను తీసుకెళ్ళలేదు. నా తోలు పెచ్చులూడిపోయింది, ఆటకి పనికిరాను. ఒకరోజు తాత నన్ను చేతిలోకి తీసుకుని నొక్కి చూశాడు, అప్పుడెప్పుడో కొట్టు ముందు చూసినట్టే. తిత్తి ఇంకా గట్టిగానే ఉంది. పాత వల ముక్కలో చుట్టి, తాడు కట్టి, వల చివర బెండుగా వదిలాడు.

అలల మీద తేలుతూ కాపలా కాస్తున్నాను. కింద వల, పైన నేను. పక్కగా పోయే పడవలవాళ్ళు వేగం తగ్గించి అడుగుతారు: "ఆ బంతి ఎవరిది?"

"ఆకుపచ్చ కుట్టుంది కదేటి? తాతది. ఆ పక్కకి తిప్పు, వల కోసేస్తావు."

మొన్న ఒడ్డుకొచ్చాక ఫోన్ మోగింది. "నా బంతి ఉందా తాతా?"

"ఉంది బావూ. ఆడతంది, నీళ్ళ మీద."