నా వయసు ఎక్కడ చూడాలి?

పాత సామాన్ల సంతలో నన్ను చేతిలోకి తీసుకోగానే కొనేవాళ్లు ముందు నా బ్లేడే చూస్తారు. దాని మీద గుండె గుర్తు కనబడితే చాలు, "1920 తర్వాతది" అని తేల్చేస్తారు. తొందరపాటు లెక్క అది.

నేను స్టాన్లీ నాలుగో నంబరు చిత్రికని. తొమ్మిది అంగుళాల పోత ఇనుప ఒళ్లు, రెండంగుళాల బ్లేడు. పుట్టింది అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్‌లో. మాకు ముందరి కొయ్య చిత్రికల్లో బ్లేడు లోతు మార్చాలంటే సుత్తితో తట్టాల్సిందే. లియొనార్డ్ బెయిలీ ఆ తిప్పలు తప్పించాడు. ఆయన పేటెంట్లను స్టాన్లీ కంపెనీ 1869లో కొనుక్కుంది. వేలితో ఇత్తడి చక్రం తిప్పితే చాలు, నా బ్లేడు వెంట్రుకవాసి దిగుతుంది, లేస్తుంది.

అసలు వయసు కావాలంటే నా లోపలికి తొంగిచూడండి. బ్లేడు ఆనుకునే ఏటవాలు దిమ్మ వెనక, నా ఒంట్లోనే పోతపోసిన మూడు పేటెంట్ తేదీలున్నాయి. చివరిది 1910 ఏప్రిల్ 19. అది నా పుట్టినరోజు కాదు, అంతకు ముందు పుట్టలేదనడానికి సాక్ష్యం. ముందు పిడి పొట్టిగా ఉంది కాబట్టి 1910-18 మధ్య దాన్నని జాతకం కడతారు. నా తర్వాతి వాటికి ఆ పిడి పొడుగు.

మరి గుండె గుర్తో? కంపెనీకి చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న విలియం హార్ట్ గౌరవార్థం వేసిన ముద్ర అది. నూరగా నూరగా మొదటి బ్లేడు అరిగిపోతే నా వడ్రంగి కొత్తది వేశాడు. బ్లేడును అదిమిపట్టే మూతకు చిక్కుడు గింజలాంటి కన్నం ఉంది చూశారా, ఆ రకం 1933 నుంచి వచ్చింది. పాత మూత కిందపడి విరిగింది. పోత ఇనుము దెబ్బకు ఓర్చదు.

అందుకే కొనేముందు నా నోటి అంచులూ పక్క గోడలూ బీటలిచ్చాయేమో చూడండి. తుప్పు వదిలించండి గానీ, లోపలి నల్లపూత గీకకండి.

భాగాలన్నీ ఒకే కాలానివైతేనే సేకరించేవాళ్లకు ముద్దు. నాలాంటి కలగాపులగానికి ధర తగ్గిస్తారు. వాళ్ల లెక్కలో అది న్యాయమే. బల్ల నునుపు చేసుకోవాల్సిన వడ్రంగికి మాత్రం ఆ తగ్గిన ధరే లాభం. నన్ను ఆయనకే అమ్మండి.