నమ్మితే చాలట, నడవనక్కర్లేదట!

రక్షణ విశ్వాసం వల్లే తప్ప క్రియల వల్ల కాదన్నది లూథరన్ల నుంచి బాప్టిస్టుల దాకా ప్రొటెస్టెంట్లందరికీ మూలసూత్రం. దానితో పేచీ లేదు. పేచీ అల్లా, చేయాల్సిన పని ఖరీదైనదని తెలియగానే ఆ సూత్రం గుర్తొచ్చేవాళ్లతోనే.

అలాంటివాళ్ల మధ్యే, అమెరికాలో అలబామా రాష్ట్రంలోని ట్రాయ్ శివార్లలో, 1940లో, నల్లజాతి కౌలు రైతుల ఇంట జాన్ లూయిస్ పుట్టాడు. చిన్నప్పుడు అతనికి ప్రసంగాల పిచ్చి. ఇంటి కోళ్లకే వాక్యం చెప్పేవాడు, చచ్చిన కోడికి భూస్థాపన చేసేవాడు. తన ప్రసంగం విన్న కోడిని ఇంట్లో కోసి వండితే అలిగి ముట్టేవాడు కాదు. విశ్వాసానికీ క్రియకీ ముడి ఉందని ఆ పిల్లాడికి అప్పటికే ఎవరు చెప్పారో!

ఊరి పెద్దలకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. 1956లో లైబ్రరీ కార్డు అడిగితే, అది తెల్లవాళ్లకే అన్నారు. 1957లో ట్రాయ్ స్టేట్ కాలేజీకి దరఖాస్తు పెడితే జవాబే రాలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చర్చి లేని ఊరు లేదు. పాటలకు లోటు లేదు, ప్రార్థనలకు లోటు లేదు. పక్కవాడికి ఒక పుస్తకం అరువివ్వడం మాత్రం ‘క్రియల’ పద్దులో పడిపోయింది.

1964 ఈస్టరు నాడు మిసిసిపీలోని జాక్సన్‌లో గాలోవే మెథడిస్టు చర్చివాళ్లు ఇద్దరు బిషప్పులను గుమ్మంలోనే ఆపేశారు. ఒకాయన నల్లజాతీయుడు చార్లెస్ గోల్డెన్. రెండో ఆయన తోడొచ్చిన తెల్లవాడు జేమ్స్ మాథ్యూస్, మన దేశంలో మిషనరీగా పనిచేసినవాడు. సమాధి రాయి దొర్లిన పండగ నాడే చర్చి తలుపు కదల్లేదు!

1965 మార్చి 7న, నల్లజాతివాళ్ల ఓటు హక్కు కోసం ఊరేగింపుగా నడుస్తుంటే, అలబామాలోని సెల్మా వంతెన మీద పోలీసుల లాఠీకి లూయిస్ తల పగిలింది. రెండు వారాలకు వర్జీనియాలో జెర్రీ ఫాల్‌వెల్ అనే బాప్టిస్టు పాస్టరు, బోధకుడి పని ఆత్మలను సంపాదించడమే గానీ ఊరేగింపులూ రాజకీయాలూ కాదని తేల్చాడు. 1979లో అదే పాస్టరు ‘మోరల్ మెజారిటీ’ పెట్టి రాజకీయాల్లోకి నేరుగా దిగాడు. పద్నాలుగేళ్లలో ఆత్మల సంపాదన పూర్తయిందేమో! పాత ప్రసంగం తప్పని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. సంతోషం. ఈలోగా, ఆయన ఒక్క అడుగూ వేయకుండానే, ఓటు హక్కు చట్టం వచ్చేసింది.

ట్రాయ్ కాలేజీకీ బుద్ధి వచ్చింది, కాస్త నిదానంగా. 1989లో లూయిస్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2020లో ఆయన పోయాక, తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్‌కు నాయకుడిగా ఉండి గవర్నరైన బిబ్ గ్రేవ్స్ పేరు ఒక భవనం మీంచి తీసి లూయిస్ పేరు పెట్టింది.

‘నమ్మితే చాలు’ అనేవాళ్లు చూపేది ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలోని 8, 9 వచనాలు. ఆ వెంటనే వచ్చే 10వ వచనం, విశ్వాసుల సృష్టే సత్క్రియల కోసమంటుంది. ఎనిమిదీ తొమ్మిదీ కంఠతా వచ్చినవాళ్లకు పది దగ్గరికి రాగానే చత్వారం! క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబు పత్రికను 1522లో లూథర్ గడ్డి కింద తీసిపారేశాడు, నిజమే. నిజమైన విశ్వాసం మంచి చేయకుండా ఊరుకోదని రాసిందీ ఆ లూథరే.

ఒంగోలు బాప్టిస్టులకు ఈ సంగతి కొత్త కాదు. 1876–78 కరవులో మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపించారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరవు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ముందు గంజి, తర్వాతే గుండ్లకమ్మ. 1878 జూలై 3న ఒక్కరోజే ఆ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కాబట్టి వచ్చే ఆదివారం 8, 9 వచనాల మీద గంటసేపు ప్రసంగించబోయే పాస్టరుగారూ, దయచేసి పదోదీ చదవండి. సంఘస్థులారా, ఆరాధన అయ్యాక కమిటీ పెద్దలను ఒక్క మాట అడగండి: మన సమాధుల తోటలో ఏ కులానికి ఏ మూల?